పిల్లలకు మమ్మీ శాపం కథలు వద్దండీ

సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గర పడితే చాలు, పత్రికల్లో, ఫోన్లలో విదేశీ యాత్రల ముచ్చట్లు మొదలవుతాయి, ఈజిప్టు వంతు వచ్చిందంటే అందులో మమ్మీ శాపం కథ, అంటే కుళ్లకుండా భద్రపరిచిన రాజు శవం ఉన్న సమాధిలోకి వెళ్తే చచ్చిపోతారనే కథ, ఉండి తీరుతుంది. మీరైనా ఆ కథ వేయడం మానండని అడగడానికే ఈ ఉత్తరం. దానివల్ల మా పాప ఎంత భయపడిందో నేను దగ్గరుండి చూశాను.

డిసెంబరులో నేను, మావారు, పన్నెండేళ్ల బాబు, ఎనిమిదేళ్ల పాప ఈజిప్టు వెళ్లాం. లక్సర్ దగ్గర రాజుల లోయలో పూర్వపు ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధి మెట్లు దిగబోతుంటే పాప నా చున్నీ పట్టుకుని ఆగిపోయింది. "అమ్మా, లోపలికెళ్తే చచ్చిపోతామా?" అంది. చేతులు చల్లగా ఉన్నాయి. స్కూల్లో ఎవరో చెప్పారట, అన్నయ్య ఏదో వీడియో కూడా చూపించాడట. వెనక ఉన్నవాళ్లకు దారిచ్చి, పక్కకి తీసుకెళ్లి కూర్చోబెట్టుకుని నాకు తెలిసింది చెప్పాను. ఈ సమాధిని 1922 నవంబరులో కనిపెట్టిన హోవార్డ్ కార్టర్ ఏళ్ల తరబడి ఇందులోనే పనిచేసి 1939 వరకూ బతికాడు. తవ్వకాలకు డబ్బు పెట్టిన లార్డ్ కార్నార్వన్ 1923 ఏప్రిల్‌లో పోయిన మాట నిజమే, కానీ అది దోమకాటు. గడ్డం గీసుకుంటుంటే ఆ కాటు తెగి సెప్టిక్ అయింది, పెన్సిలిన్ ఇంకా రాని రోజులు. దాన్ని శాపంగా ప్రచారం చేసింది అప్పటి పత్రికలే, అందుకే ఈ మాట మీకు రాస్తున్నాను.

ఇదంతా విన్నా పాప కదల్లేదు. "ఈ సమాధిలో ఉన్న అబ్బాయి రాజయినప్పుడు నీ అంతే ఉన్నాడు తల్లీ, ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు, పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకే చనిపోయాడు" అన్నాక మాత్రం చున్నీ వదిలింది. లోపల అద్దాల పెట్టెలో మమ్మీ ఉంది, గుడ్డ కప్పి ముఖం, పాదాలు మాత్రం కనిపించేలా ఉంచారు. "పాదాలు ఎంత చిన్నగా ఉన్నాయో" అని మెల్లగా అంది. తర్వాత గోడ మీద గళ్లు గళ్లుగా గీసిన కోతులను వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. పన్నెండు. రాత్రికి పన్నెండు గంటలు, సూర్యుడు ఆ చీకటంతా దాటి పొద్దున్నే మళ్లీ పుడతాడు, రాజు కూడా అలాగే లేవాలని వాళ్ల నమ్మకం అని చెప్తే శ్రద్ధగా వింది. బయటికొచ్చాక తనే ఇంకో సమాధి చూద్దామంది.

చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లు గీజాలో పెద్ద పిరమిడ్ లోపలికి వెళ్లాలో వద్దో కాస్త ఆలోచించుకోండి. దానికి టికెట్ వేరే, దారి నాలుగడుగుల ఎత్తు కూడా లేనిచోట్ల నడుం వంచుకునే ఎక్కాలి, ఉక్కపోత, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అదే దారి. పైన రాజు గదిలో మూత లేని ఖాళీ రాతి పెట్టె తప్ప గోడల మీద ఒక్క బొమ్మ ఉండదు. మా బాబుకి నచ్చింది, పాపని తీసుకెళ్లకపోవడమే మంచిదైంది. అసలు బయట నిలబడితేనే పిల్లలకు ఎక్కువ అర్థమవుతుంది. ఒక రాయి పక్కన బాబుని నిలబెడితే వాడి ఛాతీ దాకా వచ్చింది, అలాంటివి దాదాపు 23 లక్షల రాళ్లు. ఎలా తెచ్చారమ్మా అంటాడు. ఎర్రసముద్రం ఒడ్డున 2013లో దొరికిన పపైరస్ కాగితాల్లో ఆ పిరమిడ్ కట్టిన కాలంలోని మెరెర్ అనే పడవల మేస్త్రీ రాసుకున్న రోజువారీ లెక్కలున్నాయి, తురా క్వారీలో సున్నపురాయి ఎక్కించుకుని నైలు మీదుగా గీజాకు ఎప్పుడు చేర్చిందీ అన్నీ రాశాడు. విశాఖ పోర్టులోకి వచ్చే ఓడలు చూస్తూ పెరిగిన మా వాడికి ఇంతకంటే ఏం కావాలి, ఆ రోజంతా మెరెర్ గురించే ప్రశ్నలు.

అన్నిటికంటే మాకు బాగా నచ్చింది రాజుల సమాధులు చెక్కిన పనివాళ్ల ఊరు, దెయిర్ ఎల్ మెదీనా. పిల్లలున్న ఎవరూ దీన్ని వదిలిపెట్టకూడదని నా అభిప్రాయం. అక్కడ సెన్నెజెమ్ అనే పనివాడి సమాధి ఉంది, మన ఇంట్లో ఒక గదంత. గోడ మీద ఆయన మచ్చల ఆవులను కట్టి పొలం దున్నుతుంటాడు, వెనకాల భార్య విత్తనాలు జల్లుతూ వస్తుంటుంది, చుట్టూ నీళ్ల కాలువ, రంగులు నిన్న వేసినట్టున్నాయి. చనిపోయాక కూడా ఇద్దరూ కలిసి వ్యవసాయం చేసుకోవాలన్నది వాళ్ల కోరిక. "తాతయ్య, నానమ్మ!" అని పాప ఒక్క అరుపు అరిచింది. మా అత్తమామలది చోడవరం దగ్గర పల్లె.

ఇదే ఊరి పనివాళ్లు మూడో రామెసెస్ అనే రాజు కాలంలో, అంటే మూడు వేల ఏళ్ల కిందట, జీతంగా ఇవ్వాల్సిన ధాన్యం ఆలస్యమైందని పని మానేసి గుడి దగ్గర బైఠాయించారు. విశాఖ పిల్లలకు సమ్మె అంటే ఏమిటో విడమరిచి చెప్పాలా!

ఈజిప్టు వెళ్లడం అందరి వల్లా కాదని తెలుసు, మేమూ నాలుగేళ్లు కూడబెట్టుకుని వెళ్లాం. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఒకటి ఉంది, అటు వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి, దెయ్యం అనకుండా ఒక మనిషి అని చెప్పి చూపించండి. మన దగ్గరా ఇదే సమస్య కదా. అనకాపల్లి పక్కన బొజ్జన్నకొండ మీద ఉన్నది రాక్షసుడనుకుని కనుమ రోజున జనం రాళ్లు విసిరేవారు, అవి బౌద్ధులు చెక్కుకున్న గుహలు, స్తూపాలు. భయపెట్టి పెంచితే చేతిలోకి రాయే వస్తుంది. మేం వెళ్లేముందు రెండు ఆదివారాలు పిల్లల్ని విశాఖ దగ్గరి పాత బౌద్ధ స్థలం తొట్లకొండ తీసుకెళ్లి, కొండరాతిలో తొలిచిన ఆ నీటి తొట్లు చూపించి, పనిముట్ల గురించి మాట్లాడుకున్నాం, అది అక్కడ చాలా పనికొచ్చింది.

ఈసారి పిల్లల పేజీలో ఈజిప్టు గురించి వేసేటప్పుడు శాపం కథ బదులు సెన్నెజెమ్ పొలం బొమ్మ వేయండి, వీలైతే రంగుల్లో. పాప కత్తిరించి చోడవరం పంపిస్తానంటోంది.

ఇట్లు,
ఒక తల్లి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం