పారిపోయిన గాబ్లిన్ కబురు

ఒరేయ్ శీనూ,

ఉత్తరం బాగా లేటయింది, తిట్టుకో. అమ్మకి కంటి ఆపరేషన్ బాగానే అయింది, చెల్లి సంబంధం ఇంకా తేలలేదు, ఆఫీసు సంగతి అడక్కు. అసలు కబురు వేరే ఉంది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్, అదేరా, పాచికలేసి రాక్షసులతో పోరాడే సాహసాల ఆట, ఒక్కణ్ణే ఆడుతున్నానని చెప్పా కదా, 1981 నాటి బేసిక్ రూల్స్‌తో? అందులో పిరికి గాబ్లిన్ (పొట్టి రాక్షసుడు) ఒకడు ఆటంతా తిప్పేశాడు రా!

గేమ్ మాస్టర్, అంటే ఆట నడిపేవాడు, ఉంటే రాక్షసులు ఎప్పుడు పారిపోవాలో ఆయనే చూసుకుంటాడు. ఒంటరిగా ఆడితే అటూ నేనే, ఇటూ నేనే. గెలుస్తుంటే ఒక్కణ్ణీ వదలబుద్ధి కాదు. ఓడిపోతుంటే మాత్రం వాళ్ళకి ఉన్నట్టుండి భయం పుట్టుకొస్తుంది. రాంబాబు కేరమ్స్ స్కోరు రాసినట్టు!

అందుకే మోరేల్ రూల్ పట్టుకున్నా, అంటే రాక్షసుల ధైర్యం కొలిచే రూల్. ప్రతి రాక్షస జాతికీ 2 నుంచి 12 లోపు ఓ అంకె ఉంటుంది. గుంపులో మొదటివాడు చచ్చినప్పుడు ఒకసారి, సగంమంది పడిపోయాక ఇంకోసారి రెండు పాచికలు వెయ్యాలి. మొత్తం ఆ అంకె దాటితే ధైర్యం పోయినట్టే. రెండుసార్లూ నిలబడ్డారా, ఇక చచ్చేదాకా కొట్లాటే. గాబ్లిన్‌కి 7, అంటే 36కి 15 వంతులు బెదిరిపోయే ఛాన్సుంది. అస్థిపంజరానికి 12, దానికి భయమన్నదే లేదు.

సరే, పారిపోయినవాడు ఎక్కడికి పోతాడు? ఇక్కడే నా సొంత రూల్ చేర్చా. ఇంకో పాచిక వేస్తా. 1, 2 పడితే కత్తి పడేసి లొంగిపోతాడు. 3, 4 అయితే నేనింకా తెరవని తలుపులోంచి ఉరుకుతాడు. 5, 6 అయితే తనవాళ్ళ దగ్గరికి. వాడి పేరు చీటీ మీద రాసి, తర్వాతి గదిలో ఉన్నవాళ్ళతో కలపాలి.

మన గాబ్లిన్ అలా పారిపోతే వాడికి 6 పడింది. 'గోడదూకుడు' అని పేరు పెట్టా (నీకు తెలుసుగా ఎవరో! నవ్వకు). తర్వాతి గదిలో ఓర్క్‌లు, ఇంకో రకం రాక్షసులు! వీడు ముందే చెప్పేశాడు కాబట్టి అందరూ కత్తులు దూసి రెడీగా ఉన్నారు. నేనాడే వీరుడు భద్రయ్యకి మిగిలింది 3 హిట్ పాయింట్లు (అవి అయిపోతే చచ్చినట్టే). ఏం టెన్షన్ రా బాబూ! ఎలాగో వాళ్ళ నాయకుణ్ణి పడగొట్టా. నాయకుడు పోతే ఓర్క్‌ల మోరేల్ 8 నుంచి 6కి దిగుతుంది. వేస్తే 7. అంతా పరారు, అందరికన్నా ముందు మన గోడదూకుడే!

ఇప్పుడు భద్రయ్య చచ్చినా ఫర్లేదనిపిస్తోంది, వీడు మాత్రం చావకూడదు. అలా అనుకోవడం మళ్ళీ పక్షపాతమేనేమో... దారి మూసుకుపోయి మూలకి ఇరుక్కున్నవాడి సంగతి కూడా తేల్చాలి. లొంగాలా, తెగించాలా? నాకైతే తెగించడమే న్యాయమనిపిస్తోంది, మోరేల్‌కి రెండు కలిపి...

ఇంకా ఉంది గానీ, కరెంటు పోయేలా ఉంది, సిలిండర్‌వాడు కింద అరుస్తున్నాడు. ఆ మూలకి ఇరుక్కున్నవాడి రూల్ నువ్వే ఆలోచించి రాయి.

నీ
బుజ్జిగాడు