దేవుని నడిపింపు కోసం ఎలా అడగాలో నేర్పిన పెద్దలకు కృతజ్ఞతలు

ప్రభువు నామమున అందరికీ వందనాలు.

ఈ శ్రమల కాలంలో (ఈస్టరు ముందు వచ్చే ఉపవాస దినాల్లో) శుక్రవారం సాయంత్రాలు మా యవ్వనస్తుల సహవాసంతో కూర్చుని, దేవుని చిత్తం తెలుసుకోవడం గురించి ఓపికగా బోధించిన విశ్రాంత పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సహవాసంలోని అక్కలకు మా అందరి తరఫున నిండు మనసుతో కృతజ్ఞతలు. ఉద్యోగం, పెళ్లి సంబంధం, గల్ఫ్ ప్రయాణం, ఇంటి అప్పు... వీటిలో ఏదో ఒకటి ముందున్న ప్రతి విశ్వాసికీ ఆ మాటలు అవసరమే. అందుకే కొన్ని ఇక్కడ రాస్తున్నాం.

అయ్యగారు అన్నిటికంటే ముందు గట్టిగా చెప్పిన మాట: బైబిలు వాక్యం ఇప్పటికే తేల్చేసిన విషయానికి మళ్లీ నడిపింపు అడగకూడదు. విశ్వాసి ప్రభువునందు మాత్రమే పెళ్లి చేసుకోవాలని 1 కొరింథీయులకు 7:39లో ఉంది. ఇతరుల అప్పుకు పూటపడవద్దని, అంటే హామీ ఉండవద్దని సామెతలు 22:26లో ఉంది. సంఖ్యాకాండము 22వ అధ్యాయంలో, ఇశ్రాయేలీయులను శపించడానికి రమ్మని మోయాబు రాజు పిలిపించిన బిలాముకు 12వ వచనంలోనే ‘వెళ్లవద్దు’ అని జవాబు వచ్చేసింది. గొప్ప ఘనత చేస్తామని మరింత పెద్దవాళ్లు వచ్చేసరికి 19వ వచనంలో మళ్లీ అడగడానికి సిద్ధపడ్డాడు. మనం ఒకే విషయాన్ని పదేపదే అడుగుతున్నప్పుడు, జవాబు తెలియక అడుగుతున్నామా, నచ్చక అడుగుతున్నామా అని మొదట చూసుకోవాలి.

వాక్యం నేరుగా తేల్చని విషయమైతే నోటుపుస్తకంలో ఒకే వాక్యంగా, గడువు తేదీతో సహా రాసుకోమన్నారు. ‘నా భవిష్యత్తు చూపించు ప్రభువా’ అంటే దేనికి జవాబు కోరుతున్నామో మనకే తెలియదు. ‘ఈ నెలాఖరులోగా ఈ ఉద్యోగానికి ఒప్పుకోవాలా?’ అని రాస్తే ప్రార్థనకు ఒక గురి ఉంటుంది. దాని కింద తెలిసినవి ఒకవైపు, తెలియనివి ఒకవైపు రాయాలి. యెహోషువ 9లో ఇశ్రాయేలు పెద్దలు, దూరదేశం నుంచి వచ్చామని చెప్పుకున్న గిబియోనీయుల ఎండిన రొట్టెలు, చినిగిన ద్రాక్షారసపు తిత్తులు చూసి నమ్మేశారు, యెహోవాను అడగలేదు. నిబంధన చేసిన మూడు దినాలకు వాళ్లు పొరుగువాళ్లేనని బయటపడింది. గల్ఫ్ ఏజెంటు ఈ-మైగ్రేట్‌లో (విదేశీ ఉద్యోగాల కోసం భారత ప్రభుత్వం నడిపే వెబ్‌సైటులో) నమోదై ఉన్నాడా, ఇస్తున్నది ఉద్యోగ వీసానా విజిట్ వీసానా అని విచారించడం విశ్వాసానికి లోటు కాదని సంఘ పెద్దలు విడమరిచి చెప్పారు. దీనికి మేము ప్రత్యేకంగా రుణపడి ఉన్నాం.

కొత్త సంవత్సరం ఆరాధనలో తీసుకునే, ఒక బైబిలు వచనం రాసి ఉండే వాగ్దాన కార్డు గురించి కూడా సూటిగా మాట్లాడారు. అది ఆదరణ కోసం, దాన్ని బట్టి నిర్ణయాలు తీసుకోకూడదు. చాలామందికి వచ్చే యిర్మీయా 29:11 బబులోను చెరలో ఉన్నవారికి రాసిన పత్రికలోది. దాని ముందు వచనంలోనే డెబ్బది సంవత్సరాలు అని ఉంది. 5వ వచనంలో అక్కడే ఇళ్లు కట్టుకుని తోటలు నాటుకోమని ఉంది. ఒక వచనం దొరికితే ఆ అధ్యాయం మొత్తం, వెనకది, ముందుది చదివి, ఎవరు ఎవరికి ఎప్పుడు చెప్పారో రాసుకున్నాకే దాన్ని మనకు అన్వయించుకోవాలి. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టే అలవాటును ఇక మానేయాలి.

మా మనసుల్ని బాగా కదిలించింది యోనా పాఠం. నీనెవెకు వెళ్లమని దేవుడు చెబితే వెళ్లకుండా అతను యొప్పే రేవుకు వెళ్లేసరికి, తర్షీషుకు వెళ్లే ఓడ సిద్ధంగా దొరికింది. తుపాను వేళ కూడా గాఢంగా నిద్రపోయాడు. దారి తెరుచుకుంది, మనసూ నిమ్మళంగా ఉంది. అయినా అతను దేవుని దగ్గర్నుంచి పారిపోతున్నాడు. త్రోయలో పౌలుకు సువార్త చెప్పడానికి ద్వారం తెరవబడింది, కానీ తన జతపనివాడైన తీతు కనబడక మనసుకు నెమ్మది లేక అక్కణ్నుంచి సాగిపోయాడు (2 కొరింథీ. 2:12-13). కాబట్టి తలుపు తెరుచుకోవడం, నెమ్మది కలగడం రెండూ గమనించాల్సినవే కానీ, ఏ ఒక్కటీ తీర్పు కాదు.

సలహాకు ముగ్గురిని ఎంచుకోమన్నారు: వాక్యం తెలిసినవారు, ఆ పని తెలిసినవారు, మన ఇంటి గుణం తెలిసినవారు. ఆ నిర్ణయంతో లాభపడేవారు ఆ ముగ్గురిలో ఉండకూడదు. సొలొమోను కుమారుడైన రెహబాము రాజు పెద్దల సలహా అడిగాడు, కానీ దాన్ని తోసేసి తనతో పెరిగినవాళ్ల మాటే పట్టుకున్నాడు. ఎవరైనా ‘దేవుడు నీ గురించి నాతో చెప్పాడు’ అంటే, తక్కినవారు వివేచించాలని 1 కొరింథీ. 14:29 చెబుతోంది. ఆ మాటను ఇంట్లోవాళ్లకు చెప్పొద్దన్నా, కానుక అడిగినా అక్కడే ఆగిపోవాలి.

ఉపవాసం విషయంలో అక్కల శ్రద్ధ మరువలేనిది. షుగరుకు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా పూర్తి ఉపవాసం చేయవద్దనీ, దానియేలు 10:3లో లాగా రుచికరమైనవి మానుకుని ప్రార్థించవచ్చనీ చెప్పి, ఆ రోజులకు తగిన భోజనం కూడా వాళ్లే వండి తెచ్చారు.

కిస్లేవు మాసంలో (నవంబరు-డిసెంబరు) యెరూషలేము ప్రాకారాలు పడిపోయిన సంగతి విన్న నెహెమ్యా, నీసానులో (మార్చి-ఏప్రిల్) గాని తాను కొలువు చేస్తున్న పారసీక రాజుతో మాట్లాడలేదు. ఆ నెలలన్నీ ప్రార్థించాడు కాబట్టే, కలప ఇప్పించే పత్రిక వరకు ఏమేం కావాలో రాజు అడిగిన వెంటనే చెప్పగలిగాడు. ఆ పాఠం బోధించినందుకు, నోటుపుస్తకాలు పంచినందుకు, ఫోన్ చేసినప్పుడల్లా విసుక్కోకుండా ప్రార్థించినందుకు మీ అందరికీ వందనాలు. మాలో ఇంకా నిర్ణయం తేలనివారి కోసం శుక్రవారం ప్రార్థన కొనసాగుతోంది. దయచేసి మీ కుటుంబ ప్రార్థనలో కూడా వారిని జ్ఞాపకం చేసుకోండి.