2025 వార్షిక నివేదిక: ఆరెంజ్ బేస్ కొన్న సంవత్సరం

సభ్యులందరికీ నమస్కారం. డాలస్ చుట్టుపక్కల సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) ఆడే మన తెలుగు అమ్మాయిల తల్లిదండ్రుల సంఘం తరఫున కార్యదర్శిగా ఇది నా రెండో నివేదిక. ఉగాది పిక్నిక్, దీపావళి రోజు పిల్లల ఎగ్జిబిషన్ మ్యాచ్, పాత గ్లవ్స్ సేకరణ, ఇవన్నీ బాగా జరిగాయి, ఫోటోలు మీరు చూసే ఉంటారు కాబట్టి వాటి గురించి మళ్ళీ రాయను. ఈ ఏడాది మనం ఎక్కువ సమయం పెట్టింది రూల్స్ నేర్చుకోవడం మీద. కాలేజ్ సాఫ్ట్‌బాల్‌లో రూల్స్ ఎంత వేగంగా మారుతున్నాయో, అవి మన పిల్లల దాకా ఎలా వస్తున్నాయో అందరికీ తెలియాలి, అందుకే నివేదికలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను.

మొదట ఇది ఎందుకు మొదలైందో చెప్పాలి. పోయిన ఏడాది ఒక టోర్నమెంట్‌లో మన అమ్మాయి ఒకరు ఫస్ట్ బేస్ (బాల్ కొట్టిన బ్యాటర్ పరుగెత్తి మొదట చేరాల్సిన చోటు) దగ్గర నిలబడి త్రో అందుకుంటుంటే, పరుగెత్తుకొచ్చిన అవతలి అమ్మాయి అదే బేస్ మీద కాలు పెట్టబోయి ఇద్దరూ గుద్దుకున్నారు. తప్పు ఇద్దరిదీ కాదు. పదిహేను అంగుళాల బేస్ మీద ఇద్దరు అమ్మాయిలు ఒకే క్షణంలో పాదం పెట్టాలంటే ఎలా? మన అమ్మాయి మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉంది. ఆ రోజు గ్రౌండ్ బయట నిలబడ్డ మాలో చాలామందికి అది ఎవరి తప్పు, అవుటా కాదా, బేస్ ఎవరిది అన్న ప్రశ్నలకి జవాబు తెలియలేదు. క్రికెట్ చూస్తూ పెరిగిన వాళ్ళం, ఎల్బీడబ్ల్యూ గురించి గంటసేపు వాదించగలం, సొంత కూతురు ఆడే ఆటలో మాత్రం అంపైర్ చెయ్యి ఎత్తితే ఎందుకు ఎత్తాడో తెలియదు. అందుకే జనవరి నుంచి నెలకో ఆదివారం రూల్స్ క్లాస్ పెట్టుకున్నాం. అనంతపురంలో చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకి సాఫ్ట్‌బాల్ ఆడిన మన సభ్యురాలు ఒకావిడ ముందుండి నడిపించారు. ఆవిడ ఆడినప్పటి రూల్స్‌కీ ఇప్పటి కాలేజ్ రూల్స్‌కీ ఉన్న తేడాలు చెబుతుంటే క్లాసులు ఆసక్తిగా సాగాయి.

ఇప్పుడు డబుల్ బేస్ గురించి. ఫస్ట్ బేస్ పక్కనే ఫౌల్ వైపు (గీత బయట) ఆరెంజ్ లాంటి రంగు వేసిన ఇంకో బేస్ కలిపి పెడతారు. తెల్లది ఫీల్డర్‌ది, రంగుది పరుగెత్తి వచ్చే బ్యాటర్‌ది. ఫస్ట్ బేస్ దగ్గర అవుట్ చేసే ప్రయత్నం జరుగుతుంటే బ్యాటర్ రంగు దాని మీదే కాలు పెట్టాలి. ఒకసారి దాటాక వెనక్కి రావాల్సి వస్తే మాత్రం తెల్లదే తన బేస్. చిన్నపిల్లల లీగుల్లోనూ అంతర్జాతీయ మ్యాచుల్లోనూ ఇది ఎప్పటినుంచో ఉంది, అమెరికా కాలేజ్ ఆటలో మాత్రం ఇన్నాళ్ళూ లేదు. కాలేజ్ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 2025లో దీనికి ఒప్పుకుంది, 2026 సీజన్‌తో పెద్ద కాలేజీల ఆటలోకి వస్తోంది. చిన్నపిల్లలకి అవసరమని ఒప్పుకున్న జాగ్రత్త, వాళ్ళ కంటే ఎంతో వేగంగా పరుగెత్తే ఇరవై ఏళ్ళ అమ్మాయిలకి ఇన్నేళ్ళు ఎందుకు అక్కర్లేదనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సరే, ఇప్పటికైనా వచ్చింది. మనం మాత్రం ఆగలేదు, మార్చిలోనే కమిటీ తీర్మానం చేసి సంఘం డబ్బుతో ఒక డబుల్ బేస్ కొన్నాం, మన ప్రాక్టీస్ అంతా దాని మీదే జరుగుతోంది. మొదటి రెండు వారాలు అమ్మాయిలు అలవాటు కొద్దీ తెల్లదే తొక్కారు. ఏప్రిల్ వచ్చేసరికి చూడకుండానే రంగు బేస్ మీదకి వెళుతున్నారు.

అడ్డు పడటం గురించిన రూల్ మీద ఎక్కువ వాదన జరిగింది, ఒక ఆదివారం క్లాస్ మూడు గంటలు దాటింది. సూత్రం సులభం: చేతిలో బాల్ లేని ఫీల్డర్ రన్నర్ దారికి అడ్డు పడకూడదు. కబడ్డీ ఆడుతూ పెరిగిన వాళ్ళకి ఇది వింతగా ఉంటుంది, అక్కడ అడ్డు పడటమే ఆట. కాలేజ్ సాఫ్ట్‌బాల్‌లో ఈ రూల్‌ని కొన్నేళ్ళుగా బిగిస్తూ వచ్చారు. క్యాచర్ (బ్యాటర్ వెనక బాల్ పట్టే అమ్మాయి) హోమ్ ప్లేట్ (పరుగు పూర్తి కావడానికి తొక్కాల్సిన చోటు) ముందు మోకాలు వేసి దారి మూసేయడం, రన్నర్ ఆమె మీదకి వచ్చి పడటం, ఇద్దరికీ దెబ్బలు తగలడం పోవాలన్నది ఉద్దేశం. అయితే బిగించేసరికి అవుట్ అయిన రన్నర్లని కూడా వీడియో చూసి సేఫ్ (అవుట్ కాదు) అనడం ఎక్కువైంది, శిక్షకులు గోల పెట్టారు, దాంతో 2025 సీజన్‌కి ముందు మాటలు సవరించారు. ఇప్పుడు ఫీల్డర్ దారిలో ఉన్నంత మాత్రాన కాదు, దాని వల్ల రన్నర్‌కి నిజంగా ఆటంకం కలిగిందా అన్నది అంపైర్ చూడాలి. కాలేజ్ స్థాయికి ఇది సరైనదే అని నేను అనుకుంటున్నాను, ఎందుకంటే అక్కడ ఎక్కువమంది అంపైర్లు ఉంటారు, వీడియో ఉంటుంది. మన పన్నెండేళ్ళ పిల్లల మ్యాచ్‌లో ఇద్దరు అంపైర్లు ఉంటే గొప్ప. అందుకే మన ప్రాక్టీస్‌లో పాత గట్టి పద్ధతే ఉంచుతున్నాం: బాల్ చేతికి వచ్చేదాకా దారి వదిలి బేస్ పక్కన నిలబడాలి. కొందరు తండ్రులు ఇలా చేస్తే పిల్లలు మెత్తబడతారు, పోటీలో వెనకబడతారు అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను, క్యాచర్ ఆడే ఇద్దరమ్మాయిల తల్లులు కూడా ఒప్పుకోలేదు.

పిచింగ్ రూల్ మార్పు మనలో చాలామందికి ఊరటనిచ్చింది. ఇంతకుముందు పిచర్ బాల్ వేసేటప్పుడు వెనక కాలు నేలకి రాసుకుంటూనే రావాలి, రెండు కాళ్ళూ గాల్లో ఉంటే అది ఇల్లీగల్ పిచ్. మగవాళ్ళ సాఫ్ట్‌బాల్‌లో ఈ అడ్డంకి లేదు, ఆడపిల్లలకే ఉండేది. 2024 సీజన్ నుంచి కాలేజ్‌లో రెండు కాళ్ళూ లేచినా ఫర్వాలేదన్నారు. కానీ లేచిన కాలు ముందుకొచ్చి మళ్ళీ నేల మీద ఆని, అక్కడి నుంచి కొత్తగా తోసుకుని బాల్ వేస్తే అది ఇప్పటికీ తప్పే. మన పిల్లలు ఆడే ప్రతి టోర్నమెంట్‌కీ ఒక్కో రూల్ పుస్తకం ఉంటుంది, అన్నిట్లో ఒకేలా ఉండదు, కాబట్టి పేరు ఇచ్చే ముందు ఏ పుస్తకం వాడుతున్నారో నిర్వాహకుల్ని అడగండి. ఈ వేసవిలో ఒకచోట అడగకుండా వెళ్ళాం, మన పిచర్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో నాలుగు ఇల్లీగల్ పిచ్‌లు పిలిచారు, పాప ఏడుస్తూ డగౌట్‌కి వచ్చింది. టెన్షన్ అంతా తనది, అడగాల్సిన పని మాత్రం పెద్దవాళ్ళం మనది.

పిచింగ్ దూరం (పిచర్ నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్ దాకా) గురించి కూడా చాలామంది అడిగారు. కాలేజ్‌లో మొదట్లో 40 అడుగులే ఉండేది, పిచర్ల ముందు బ్యాటర్లు నిలవలేక స్కోర్లు పడిపోతుంటే 1988లో 43 అడుగులకి పెంచారు. పన్నెండేళ్ళ విభాగంలో 40 అడుగులే, పద్నాలుగేళ్ళ విభాగానికి వచ్చేసరికి 43. ఆ మూడు అడుగుల తేడాకి పిల్ల కనీసం ఒక సీజన్ తడబడుతుంది, బాగా వేసేదానికి ఏమైందని ఇంట్లో తిట్టకండి.

జూన్ 4న ఓక్లహోమా సిటీకి చేసిన ప్రయాణం ఈ ఏడాది అందరికీ గుర్తుండిపోతుంది. మూడు వ్యాన్లు, మూడున్నర గంటల దారి, పులిహోర, పెరుగన్నం డబ్బాలు. డెవన్ పార్క్‌లో కాలేజ్ వరల్డ్ సిరీస్ (అమెరికా కాలేజ్ జట్ల జాతీయ టోర్నమెంట్) ఫైనల్ మొదటి మ్యాచ్, రెండూ మన రాష్ట్రం జట్లే, టెక్సస్, టెక్సస్ టెక్. టెక్ 1-0తో ముందుంది, ఆరో ఇన్నింగ్స్‌లో సెకండ్, థర్డ్ బేస్‌ల మీద రన్నర్లు ఉన్నారు, పిచర్ నైజరీ కెనడీ బ్యాటర్ రీస్ అట్‌వుడ్‌ని కావాలని వాక్ ఇచ్చి (నాలుగు బాల్స్ అందకుండా వేసి ఊరికే ఫస్ట్ బేస్‌కి) పంపేద్దామని బయటికి వేస్తోంది. మూడు బాల్స్ అయ్యాయి, నాలుగోది అందేంత దగ్గరగా వచ్చింది. అట్‌వుడ్ బ్యాట్ ఊపింది, ఇద్దరు రన్నర్లు హోమ్ ప్లేట్‌కి చేరారు, మ్యాచ్ 2-1. మా వరసలో కూర్చున్న పిల్లలు ఒక్కసారిగా లేచి "అలా కొట్టచ్చా?" అని అడిగారు. కొట్టచ్చు. చేతిలోంచి బాల్ వదిలితే అది ఆటలో ఉన్నట్టే, ఎందుకు వదిలావన్నది రూల్‌కి అక్కర్లేదు. క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది పిల్లలకి ఆ ఒక్క దెబ్బతో ఎక్కింది. టెక్సస్ చివరికి సిరీస్ గెలిచి మొదటిసారి ఛాంపియన్ అయింది.

అదే వరల్డ్ సిరీస్ టోర్నమెంట్‌లో ఈ ఫైనల్‌కి కొద్ది రోజుల ముందు టీవీలో చూసిన ఇంకో సంగతి కూడా రాయాలి. టెనెసీ మీద యూసీఎల్‌ఏ జట్టు ఆఖరి ఇన్నింగ్స్‌లో వెనకబడి ఉంటే ఆ జట్టు బ్యాటర్ మేగన్ గ్రాంట్ హోమ్ రన్ (క్రికెట్ సిక్సర్ లాంటి దెబ్బ) కొట్టి స్కోరు సమం చేసింది, సంబరంలో హోమ్ ప్లేట్ మీద కాలు పడలేదు, సహచరి ఒకరు ఆమెని వెనక్కి తిప్పారు, అప్పుడు తొక్కింది. అలా సాయం చేయకూడదని టెనెసీ అభ్యంతరం చెప్పింది. కానీ సాయం చేసిందా లేదా అన్నది వీడియో చూసి తేల్చే అంశాల జాబితాలో లేదు, పరుగు నిలిచింది. చివరికి టెనెసీయే గెలిచింది కాబట్టి గొడవ చల్లారింది. కాలేజ్ సాఫ్ట్‌బాల్‌లో వీడియో రివ్యూ 2022లో వచ్చింది, మన క్రికెట్ డీఆర్‌ఎస్ లాగే శిక్షకులు సవాలు చేయవచ్చు, కానీ ఏవి చూడొచ్చో ముందే రాసి ఉంటుంది. అందరి కళ్ళకీ కనిపించినదాన్ని కూడా రూల్ పుస్తకం చూడనివ్వకపోవచ్చు. ఆ రాత్రి మన గ్రూపులో రెండు వందల మెసేజ్‌లు వచ్చాయి, ఎవరూ నిద్రపోలేదు.

నాకు మనసులో నిలిచిపోయింది మాత్రం కెనడీ. ఆ సిరీస్‌లో ఫైనల్ మూడో మ్యాచ్ దాకా టెక్ తరఫున ప్రతి బాల్ ఆమే వేసింది. మూడో మ్యాచ్‌లో మొదటి ఇన్నింగ్స్‌లోనే ఐదు పరుగులు ఇచ్చాక దింపేశారు. చేయి కింది నుంచి వేస్తారు కాబట్టి భుజానికి ఏమీ కాదని మనలో చాలామంది ఇంకా నమ్ముతున్నారు, అది నిజం కాదు. ఇన్ని రూల్స్ మార్చిన కాలేజ్ పుస్తకంలో ఒక పిచర్ ఎన్ని బాల్స్ వేయవచ్చన్నదానికి మాత్రం హద్దు లేదు. రావలసిన మార్పుల్లో నా లెక్కలో ఇదే మొదటిది. అది వచ్చేదాకా చూస్తూ కూర్చోలేం, కాబట్టి మన జట్లకి సెప్టెంబర్ నుంచి ఒక నియమం పెట్టుకున్నాం: ఏ అమ్మాయీ వరసగా రెండు రోజులు పిచ్ చేయదు, ఒక శనివారం ఒక మ్యాచే. దీనివల్ల అక్టోబర్‌లో ఒక సెమీఫైనల్ ఓడిపోయాం. కొందరు నా మీద కోపంగా ఉన్నారని తెలుసు. ఆ నిర్ణయానికి బాధ్యత నాదే, వచ్చే ఏడాది కూడా నేను దాన్నే బలపరుస్తాను.

పెద్ద పిల్లల తల్లిదండ్రుల కోసం నవంబర్‌లో పెట్టిన సమావేశం స్కాలర్‌షిప్పుల గురించి. 2025 జూన్‌లో ఆటగాళ్ళకీ ఎన్‌సీఏఏకీ మధ్య కోర్టు ఒప్పందం ఆమోదం పొందాక, అందులో చేరిన పెద్ద కాలేజీల్లో సాఫ్ట్‌బాల్‌కి 12 స్కాలర్‌షిప్పుల హద్దు పోయి, జట్టులో 25 మందికి మించకూడదన్న హద్దు వచ్చింది, ఆ 25 మందికీ స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు. ఇవ్వవచ్చు అంటే ఇస్తారని కాదు, దయచేసి ఈ తేడా గమనించండి. డబ్బు ఉన్న కాలేజ్ ఇస్తుంది, లేనిది పాతలాగే ముక్కలు చేసి పంచుతుంది. ఇంకో వైపు, సొంత ఖర్చుతో జట్టులో చివరి స్థానాల్లో ఉండే అమ్మాయిలకి చోటు తగ్గింది. మన సభ్యుల్లో ఒకరి కూతురికి అలాగే మాట ఇచ్చిన కాలేజ్ వెనక్కి తగ్గింది, ఆ కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను. చదువు మీద వచ్చే స్కాలర్‌షిప్పుల గడువులు వదులుకోవద్దని ఆ తల్లి సమావేశంలో చెప్పిన మాట అందరూ రాసుకున్నారు.

ఇక లెక్కలు. చందాల్లో ఎక్కువ భాగం గ్రౌండ్ అద్దెకి పోయింది, తర్వాత డబుల్ బేస్, క్యాచర్ రక్షణ సామాన్లు, ఓక్లహోమా వ్యాన్లు. పూర్తి లెక్క కోశాధికారి గారి దగ్గర ఉంది, ఏ సభ్యులైనా అడిగి చూడొచ్చు. లోటు లేదు, మిగులు కొద్దిగానే ఉంది.

వచ్చే ఏడాది క్లాసులు జనవరి రెండో ఆదివారం నుంచి మొదలు. కాలేజ్ సీజన్ ఫిబ్రవరిలో మొదలవుతుంది కాబట్టి మొదటి క్లాస్ డబుల్ బేస్ మీదే, గ్రౌండ్‌లో నిలబడి చేసి చూపిస్తాం, అమ్మమ్మలు, తాతయ్యలు కూడా రావచ్చు, పోయినసారి వచ్చిన వాళ్ళు మాకంటే ఎక్కువ ప్రశ్నలు అడిగారు. అంపైర్ శిక్షణకి ముగ్గురు కావాలి, ముఖ్యంగా తల్లులు. ఇప్పటికి ఒక్కరే పేరిచ్చారు. ఆరెంజ్ బేస్, క్యాచర్ సామాన్లు గ్రౌండ్ పక్కన షెడ్‌లో ఉన్నాయి. తాళం చెవి ఒకటి నా దగ్గర, ఇంకోటి కోశాధికారి గారి దగ్గర ఉంటుంది, ప్రాక్టీస్ అయ్యాక బేస్ మట్టి దులిపి లోపల పెట్టండి.