గుర్రపుడెక్క మేం తీస్తాం, ఎక్కడ వేయాలో మీరు చెప్పండి: జలవనరుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మేం విజయవాడ సింగ్ నగర్ వైపు బుడమేరు ఒడ్డున ఉండేవాళ్లం. ఆటో నడిపేవాళ్లు, టైలర్లు, డిగ్రీ చదివే పిల్లలు, రిటైరైన ఒక రైల్వే ఉద్యోగి, ఇంటి పని ముగించుకుని వచ్చే ఆడవాళ్లు కొందరు ఆదివారం పొద్దున్నే కొక్కేలు, తాళ్లు, పారలు పట్టుకుని, వాగును కమ్మేసే గుర్రపుడెక్క మొక్కలను తీయడానికి వెళ్తాం. మాకు పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, బ్యానర్ అసలే లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా ఇళ్లను ముంచిన సంగతి మీ శాఖకు కొత్తగా చెప్పక్కర్లేదు. వాగు నీళ్లను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ ఛానల్‌కు గండ్లు పడ్డాయి, పూడ్చడానికి ఆర్మీ దిగాల్సి వచ్చింది. నీళ్లు తగ్గాక ఫైరింజన్లు వీధివీధికీ వచ్చి ఇళ్లలో బురద కడిగాయి. కింది ఇళ్లకు 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు సాయం ప్రకటించారు. అవన్నీ గుర్తున్నాయి. ఈ ఉత్తరం సాయం కోసం కాదు, మేం చేసే పనికి అడ్డం తొలగించమని అడగడానికి.

ముందు గుర్రపుడెక్క గురించి. వంతెన మీద నుంచి చూస్తే పచ్చగా, తేలిగ్గా తేలుతున్నట్టే ఉంటుంది. ఊదారంగు పూలు పూసినప్పుడు ఫొటోలు తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు. కొక్కెం వేసి లాగితే తెలుస్తుంది దాని బరువు. ఆకు కింద కాడ గాలి నింపుకుని ఉబ్బి ఉంటుంది, దాని కింద మూరెడు పొడవున నల్లటి వేళ్లు. ఆ వేళ్లను పట్టుకుని ఒండ్రు, ఒండ్రులో పాల ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు, పాత చీరల పేలికలు, పూజ పూల దండలు. ఒక మొక్కను లాగితే పిలకల వెంట పక్కవి కూడా కదులుతాయి, నలుగురు పట్టుకుంటే తప్ప ఒడ్డుకు రావు. డ్రెయిన్లు వాగులో కలిసే చోట మరీ ముదురుగా ఉంటుంది, ఎందుకంటే మన మురుగే దానికి ఎరువు. ఆ డ్రెయిన్లు అలా కలుస్తున్నంత కాలం మేం తీసిందల్లా మళ్లీ వస్తుంది. ఆ సంగతి తెలిసే తీస్తున్నాం. వానాకాలంలో వంతెన స్తంభాలకు అడ్డం పడకపోతే అంతే చాలని.

చిక్కల్లా తీసిన తర్వాత మొదలవుతుంది. కట్ట మీద పోగేస్తే మొదటి వానకే సగం జారి వాగులో పడుతుంది, అందులో బతికున్న ముక్క ఏదైనా మళ్లీ మొలుస్తుంది. లారీకెత్తి తీసుకెళ్లమని ఒక ఆఫీసులో అడిగితే, వాగులోది కాబట్టి తమది కాదన్నారు. ఇంకో ఆఫీసుకెళ్తే, ఊళ్లో ఉంది కాబట్టి తమది కాదన్నారు. మూడో చోట ఒక పెద్దమనిషి టీ ఇప్పించి, 'ఎందుకండీ మీకీ టెన్షన్' అన్నారు. ఆయన మంచి మనిషే, నిజంగా మా మీద జాలిపడే అన్నారు. కానీ వాగు ఎవరిదో ఆయనా చెప్పలేదు.

పల్లెలో పంట కాలువకు ఈ బాధ లేదు. సాగునీటి నిర్వహణను రైతులకు అప్పగించిన 1997 చట్టం ప్రకారం నీటి సంఘాలున్నాయి, 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు కూడా జరిపించారు. పూడిక తీయాలన్నా, తూము బాగుచేయాలన్నా రైతు ఎవరితో మాట్లాడాలో రైతుకు తెలుసు. ఊరి మధ్యలోంచి పోయే వాగుకు మాత్రం అలాంటి ఏర్పాటేదీ లేదు. నీళ్లు కావలసినవాళ్లకు సంఘం ఉంది, నీళ్లలో మునిగేవాళ్లకు లేదు. నీటి సంఘంలో పదవులు మాకొద్దు. వాగు వెంబడి ఉన్న డివిజన్ల మనుషులు, మీ శాఖ ఇంజినీరు, కార్పొరేషన్ మనిషి, రెవెన్యూ మనిషి నెలకోసారి కట్ట మీద నిలబడి మాట్లాడుకునే కమిటీ ఒకటి వేయండి. మీటింగు ఏసీ గదిలో పెట్టకపోతే మరీ మంచిది.

శ్రమదానం అంటే మీ శాఖలో కొందరు నవ్వుతారని తెలుసు. జన్మభూమి రోజుల్లో చేతిలో పార పట్టుకుని ఫొటో దిగి, పార కిందపడకముందే కారెక్కినవాళ్లను మేమూ చూశాం. అందుకే ఫొటోల కోసం ఎవర్నీ పిలవడం లేదు.

ఇక ఊళ్లోని వాగు మీద ఎందుకింత పట్టుదల అంటే, డైవర్షన్ ఛానల్ ఎంత వెడల్పు చేసినా ఒక చిక్కు మిగులుతుంది. వెలగలేరు దగ్గర మళ్లించిన నీళ్లు చివరికి చేరేది కృష్ణకే. పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీళ్లూ ఆ దారినే పవిత్ర సంగమం దగ్గర కలుస్తాయి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు ప్రవహించాయి. కృష్ణ అంత ఎత్తున ఉన్నప్పుడు ఛానల్ నీళ్లు అందులోకి ఎలా దిగుతాయి? వెనక్కి తంతాయి. మైలవరం, జి.కొండూరు వైపు కొండల మీద అదే సమయంలో కుండపోత కురిస్తే ఆ నీళ్లకు మిగిలే దారి పాత బుడమేరే. మా ఇళ్ల పక్క నుంచి, ఎనికెపాడు దగ్గర ఏలూరు కాలువ కింద నుంచి, కొల్లేరు దాకా. ఆ దారి ఇరుకైపోతే నీళ్లు దాన్ని మా గదుల్లో వెతుక్కుంటాయి, ఒకసారి వెతుక్కున్నాయి కూడా.

కాబట్టి ఆక్రమణలు తీయాలి. ఈ మాట అనడం మాకు సులువు కాదు, ఎందుకంటే మాలో కొందరి ఇళ్లు వాగు హద్దుకు ఇవతల ఉన్నాయో అవతల ఉన్నాయో మాకే తెలియదు. కానీ ఒక పద్ధతి అడుగుతున్నాం. ముందు పాత రికార్డుల ప్రకారం వాగు వెడల్పు కొలిపించి రెండు వైపులా హద్దు రాళ్లు పాతించండి, ఆ మ్యాపు వార్డు సచివాలయాల్లో అందరికీ కనిపించేలా అంటించండి. మట్టి పోసి ప్లాట్లు చేసి అమ్మినవాళ్ల దగ్గర మొదలుపెట్టండి. రేకుల షెడ్డులో ఉన్నవాడి దగ్గరికి చివర్లో, వేరే ఇల్లు చూపించాకే వెళ్లండి. పొక్లెయిన్ ముందు పేదవాడి గుమ్మం ముందే ఆగడం మేం చాలాసార్లు చూశాం.

పెద్దగా ఖర్చు లేని పని ఇంకొకటుంది. సింగ్ నగర్ నుంచి కింది దాకా ప్రతి వంతెన స్తంభం మీదా మీటర్ల గీతలు గీయించి అంకెలు వేయించండి. వానాకాలంలో పొద్దునా సాయంత్రం ఆ అంకె చూసి రాసి పెట్టే పని మేం తీసుకుంటాం. కాలేజీ పిల్లలు ఇప్పటికే స్తంభానికి సుద్దతో గీసి చూస్తున్నారు, వాన పడితే సుద్ద పోతోంది. వెలగలేరులో గేట్లు ఎత్తే ముందు ఆ సమాచారం మా ఫోన్లకు వస్తే, ఇక్కడ నీరు ఎప్పుడు ఎంత ఎక్కుతుందో రెండు మూడు సీజన్లలో మాకే అంచనా దొరుకుతుంది. ముసలివాళ్లనీ, మంచం మీద ఉన్నవాళ్లనీ మేడ ఎక్కించడానికి ఆ కాస్త వ్యవధి చాలు. ఆ రాత్రి అది దొరకలేదు.

మీ శాఖ తరఫున వాగు ఈ భాగానికి బాధ్యుడైన ఒక అధికారి పేరు, ఫోన్ నంబరు మాకివ్వండి. తీసిన గుర్రపుడెక్క ఎండబెట్టుకోవడానికి కట్టకు దూరంగా ఖాళీ స్థలం ఒకటి చూపించండి, అక్కడికి చేర్చే ట్రాక్టర్ అద్దె మేమే చందాలు వేసుకుని కడతాం. జవాబు ఉత్తరంలో రాసినా సరే, మనిషిని పంపినా సరే. పంపితే మాత్రం, ఆ వచ్చే ఆయన సర్వే మ్యాపు వెంట తెచ్చుకుంటే బాగుంటుంది.

ఇట్లు,
బుడమేరు ఒడ్డు వాసుల తరఫున,
సింగ్ నగర్ నివాసి ఒకరు