‘బాధ్యతగా ఆడండి’ అంటే సరిపోతుందా?

సంపాదకులు గారికి,

గత ఆదివారం అనుబంధంలో ఆన్‌లైన్ జూదం మీద మీరు వేసిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు కుదుటపడక ఈ ఉత్తరం రాస్తున్నాను. బడ్జెట్ వేసుకోండి, టైమ్ చూసుకోండి, మితంగా ఆడండి అని అర పేజీ నిండా జాగ్రత్తలు చెప్పారు. అన్నీ ఆడేవాళ్లకే. ఆ యాప్‌లు నడిపేవాళ్లు ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు. అప్పటికే మునిగిపోయినవాళ్ల సంగతి చివర్లో ‘నిపుణులను సంప్రదించాలి’ అని ఒక్క వాక్యంతో తేల్చేశారు. ఏ నిపుణులు? వెళ్లి ఏమని చెప్పుకోవాలి? అర్ధరాత్రి ఖాతా మొత్తం ఊడ్చుకుపోయి, ఇంట్లో ఎవరికీ చెప్పలేక కూర్చున్న మనిషికి ఆ వాక్యం దేనికి పనికొస్తుంది?

జాగ్రత్తలు వద్దని నేను అనను. పోయినా ఇబ్బంది లేదనుకున్న మొత్తాన్ని ముందే అనుకోవడం, యాప్‌లోనే డిపాజిట్ లిమిట్ పెట్టుకోవడం, అప్పు తెచ్చి ఆడకపోవడం, పోయినదాన్ని రాబట్టాలని మళ్లీ పెట్టకపోవడం సరదాకి ఆడేవాళ్లను కాపాడతాయి. వ్యసనంలో పడ్డవాళ్లకు మాత్రం సరిగ్గా ఆ చివరిదే చేతకాదు. చేతనైతే వాళ్లకు ఈ గతి పట్టేదే కాదు.

బటన్ నొక్కితే బొమ్మల చక్రాలు తిరిగే స్లాట్ ఆటల్లో పెట్టినదాంట్లో 96 శాతం తిరిగొస్తుందని కూడా రాశారు, ఏ వివరణా లేకుండా. అది చదివి నష్టం నాలుగే కదా అనుకోరా? ఆ 96 శాతం లెక్క వేసే ప్రతి పందేనికీ వర్తిస్తుంది. వందతో మొదలుపెట్టి, వచ్చినదాన్ని వచ్చినట్టు మళ్లీ పెడుతూ మొత్తాన్ని పదిసార్లు తిప్పితే సగటున మిగిలేది 66 చిల్లర. ఫోన్‌లో అదెంతసేపు పని?

అన్నిటికంటే నాకు బాధ కలిగించింది ‘మనోనిగ్రహం లేనివారు’ అన్న మాట. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లోనే జూదాన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాలున్న విభాగంలో చేర్చింది. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలోనూ ఇది జబ్బుగానే ఉంది. పార్కిన్సన్స్ రోగులకు ఇచ్చే కొన్ని మందుల వల్ల కూడా ఉన్నట్టుండి జూదం మీద ఆపుకోలేని కోరిక పుట్టవచ్చని డాక్టర్లకు తెలుసు. ఇందులో నిగ్రహం తప్పెంత? ‘నీకు నిగ్రహం లేదు’ అని పేపర్లో కూడా చదివినవాళ్లు ఇక నోరు విప్పుతారా?

నియమాలు పెట్టడం కుదరని పనేమీ కాదు. బ్రిటన్‌లో 2020లో క్రెడిట్ కార్డుతో జూదం ఆడటాన్ని ఆపేశారు. 2021లో ఆన్‌లైన్ స్లాట్‌లలో ఆట దానంతటదే సాగిపోయే ఆటోప్లే తీసేయించారు, ఒక స్పిన్‌కీ ఇంకో స్పిన్‌కీ మధ్య కనీసం రెండున్నర సెకన్లు ఉండాలన్నారు. పెట్టినదానికంటే తక్కువ వచ్చినా గెలిచినట్టు లైట్లు వెలిగించి మోత మోగించడం కుదరదన్నారు. విత్‌డ్రా పెట్టిన డబ్బు చేతికందేలోపు దాన్ని రద్దు చేయించి మళ్లీ ఆటలో పెట్టించే ఏర్పాటునూ నిషేధించారు. ఇవన్నీ ఎవరో కావాలని పెట్టినవి కాబట్టే తీసేయించగలిగారు. మీ వ్యాసంలో ఇందులో ఒక్కటైనా ఎందుకు లేదు?

ఇక అధికారుల సంగతి. ఏ వ్యసనం గురించైనా వాళ్లకు తెలిసింది అవగాహన వారోత్సవం ఒక్కటే. బ్యానర్, ఫొటో, ప్రతిజ్ఞ. వారం దాటాక హెల్ప్‌లైన్ నంబర్ వెబ్‌సైట్‌లో ఏ మూలన ఉందో వెతుక్కోవాలి. దొరికినా ఆఫీసు వేళల్లోనే ఎత్తుతారు. ఫిర్యాదు చెయ్యబోతే ‘చదువుకున్నవాడివి, ఆ మాత్రం తెలియదా’ అని అందరి ముందూ నిలదీస్తారు. యాప్ మాత్రం రాత్రి రెండింటికి కూడా బోనస్ ఇస్తానని మెసేజ్ పంపుతుంది. అధికారులకు ఇది కనబడదా?

మీరు రాయని సంగతులు కొన్ని నేనే రాస్తున్నాను, కత్తిరించకుండా వెయ్యండి. తొలి పరీక్షగా వైద్యులు అడిగే ప్రశ్నలు రెండున్నాయి: పందెం మొత్తం పెంచుకుంటూ పోవాలనిపించిందా? ఎంత ఆడుతున్నదీ ఇంట్లోవాళ్లకు అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఒక్కదానికి ‘అవును’ అన్నా డాక్టర్‌ని కలవడం మంచిది. చాలా సైట్లలో మనల్ని మనమే ఆట నుంచి బహిష్కరించుకునే వీలుంటుంది. బ్రిటన్‌లో ఇందుకోసమే ఉన్న గామ్‌స్టాప్ అనే జాబితాలో ఒక్కసారి పేరు రాయించుకుంటే లైసెన్సున్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ ఆరు నెలలు, ఏడాది, లేదా అయిదేళ్లు తలుపు మూసెయ్యాలి. కొన్ని బ్యాంకులు జూదం చెల్లింపులను అడ్డుకుంటాయి, జూదం సైట్లు తెరుచుకోకుండా ఆపే సాఫ్ట్‌వేర్ కూడా దొరుకుతుంది. ఆలోచనా ధోరణిని మార్చే సీబీటీ అనే కౌన్సెలింగ్‌తో బయటపడ్డవాళ్లున్నారు. 1957లో లాస్ ఏంజెలస్‌లో మొదలైన గ్యాంబ్లర్స్ అనానిమస్ అనే, జూదం మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం సమావేశాలు ఇప్పుడు చాలా దేశాల్లో, ఆన్‌లైన్‌లో కూడా జరుగుతున్నాయి. అక్కడ పూర్తి పేరు చెప్పనక్కర్లేదు, ఫీజు లేదు.

ఇంట్లోవాళ్లకూ ఒక మాట. అప్పు తీర్చమని చేతికి డబ్బివ్వకండి, అది మళ్లీ ఆటలోకే పోతుంది. కొంతకాలం ఖాతాలు, కార్డులు మీరే చూసుకోండి. ‘నేను లేకపోతే అప్పుల గొడవ ఉండదు’ లాంటి మాట వినిపిస్తే బెదిరింపు అని కొట్టిపారెయ్యకండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకుండా వెంటనే అత్యవసర సాయం పిలవండి. జూదం వ్యసనంలో ఆత్మహత్య ముప్పు ఎక్కువ.

మీ నుంచి నేను కోరేది రెండు పనులు. ఆ వ్యాసానికి సవరణ వెయ్యండి. క్రీడల పేజీలో రోజూ, స్కోర్ల పక్కనే, హెల్ప్‌లైన్ నంబర్ బాక్స్ కట్టి అచ్చు వెయ్యండి. వేసే ముందు ఆ నంబర్‌కు మీవాళ్లెవరైనా రాత్రిపూట ఫోన్ చేసి, అవతల ఎత్తుతున్నారో లేదో చూడండి.

– ఒక పాఠకుడు