ఘాట్ రోడ్డు దిగే కారుకు రంధ్రాల డిస్కులు ఎందుకు?

సంపాదకుల వారికి నమస్కారం.

కారు బ్రేకులు మార్పించుకుని బాగు చేసుకోవాలన్న ఆసక్తి ఈమధ్య కుర్రవాళ్లలో బాగా పెరిగింది. మంచిదే. ఇంజన్ పవర్ పెంచడానికి పెట్టే డబ్బు బ్రేకుల మీద పెడితే సంతోషించేవాళ్లలో నేను ముందుంటాను. కానీ ఏం కొంటున్నారో చూస్తే మాత్రం భయమేస్తోంది. జల్లెడలా రంధ్రాలున్న డిస్కులు (చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లేలు), పెట్టె మీద 'రేసింగ్' అని రాసున్న ప్యాడ్లు (డిస్కుని ఒరుసుకుని ఆపే దిమ్మలు), ఆ ప్యాడ్లను డిస్కుకి నొక్కే ఎర్ర రంగు కాలిపర్లు. ఆ కారు రోజూ వెళ్లేది ఆఫీసుకి, సెలవొస్తే తిరుమలకో, అరకుకో, శ్రీశైలానికో. దీని గురించి మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

బ్రేకు చేసే పనల్లా వేగాన్ని వేడిగా మార్చి గాలిలోకి వదలడం. వేగం రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలవుతుంది. ఇక ఘాట్ సంగతి చూడండి. తిరుమల నుంచి కిందికి వస్తే సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతాం. లెక్క వేస్తే, గంటకు 100 కి.మీ. వేగంతో వెళ్తున్న కారుని పదిహేడు పద్దెనిమిది సార్లు పూర్తిగా ఆపినంత శక్తి అది, బండి బరువు ఎంతైనా ఈ లెక్క మారదు. రెండో గేరులో దిగితే అందులో చాలా భాగం ఇంజనే పట్టేస్తుంది, పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తే మాత్రం ఎక్కువ భాగం ఆ బ్రేకుల మీదే పడుతుంది. ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా సరే, దయచేసి న్యూట్రల్‌లో దిగకండి.

రేసింగ్ ప్యాడ్ల గురించి. అవి బాగా కాలితేనే పట్టే రకం. పొద్దున్నే ఇంటి నుంచి బయల్దేరి మొదటి సిగ్నల్ దగ్గర కాలు వేస్తే, చల్లగా ఉన్న ఆ ప్యాడ్ మామూలు కంపెనీ ప్యాడ్ కంటే తక్కువ పట్టొచ్చు, పైగా కీచుమంటుంది, డిస్కుని తొందరగా తినేస్తుంది. రోడ్డు మీద తిరిగే కారుకు చల్లగా ఉన్నప్పుడూ, ఓ మోస్తరు వేడెక్కినప్పుడూ ఒకేలా పట్టే ప్యాడ్ కావాలి. ఊళ్లోనే తిరిగేవాళ్లకు మంచి సిరామిక్ ప్యాడ్ చాలు, దుమ్ము తక్కువ, చప్పుడు తక్కువ. నలుగురినీ ఎక్కించుకుని, లగేజీతో తరచూ ఘాట్లు ఎక్కి దిగేవాళ్లయితే రోడ్డు వాడకానికి చేసిన సెమీ మెటాలిక్ నయం, కాస్త దుమ్ము రాలినా వేడిని ఓర్చుకుంటుంది. కొన్ని ప్యాడ్ల అంచు మీద ఎఫ్‌ఎఫ్, జీజీ లాంటి రెండు ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడి మీద పట్టు. ఈ పట్టుని ఘర్షణ గుణకం అనే అంకెతో కొలుస్తారు, ఎఫ్ అంటే అది 0.35 నుంచి 0.45 దాకా, జీ అంటే ఆ పైన 0.55 దాకా. ఈ అక్షరాలే ప్యాడ్ నాణ్యతకు పూర్తి హామీ కావు గానీ, రెండో అక్షరం మొదటిదానికంటే తక్కువది ఉంటే వేడెక్కాక పట్టు తగ్గుతుందని గుర్తు.

డిస్కులకు రంధ్రాలు ఎందుకు మొదలయ్యాయంటే, పాతకాలం ప్యాడ్లు కాలినప్పుడు గ్యాస్ వచ్చేది, అది బయటికి పోవడానికి. ఇప్పటి ప్యాడ్లలో ఆ బెడద పెద్దగా లేదు. రంధ్రం చేస్తే వేడిని దాచుకునే ఇనుమే తగ్గుతుంది, వేడెక్కి చల్లారి వేడెక్కి ఆ రంధ్రాల అంచుల్లోనే పగుళ్లు మొదలవుతాయి. ఖరీదైన స్పోర్ట్స్ కార్లకు కంపెనీ నుంచే రంధ్రాలు వస్తాయి కదా అంటారు, వాటి డిస్కులు ముందే చాలా పెద్దవి, ఆ లెక్క వేరు. మన హ్యాచ్‌బ్యాక్‌కి కంపెనీ కొలతలో, మధ్యలో గాలి ఆడే ఖాళీ ఉన్న సాదా డిస్కు మంచిది వేస్తే చాలు. డిస్కు మీదే కనీస మందం ఇన్ని మిల్లీమీటర్లు అని అచ్చు వేసి ఉంటుంది, అంతకన్నా పలచబడిన డిస్కుని లేత్ మీద సాపు చేసి మళ్లీ బిగిస్తామంటే ఒప్పుకోవద్దు.

అందరూ మరిచిపోయేది బ్రేక్ ఆయిల్. ఇది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక పెట్టిన హద్దు 155 డిగ్రీలే. ఘాట్ సగంలో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడితే పెడల్ స్పాంజిలా లోపలికి దిగిపోతుంది, అప్పుడు డిస్కు ఎంత ఖరీదైనదైతే ఏం లాభం? రెండేళ్లకోసారి పూర్తిగా మార్పించండి. పెద్ద డిస్కులు, కాలిపర్లు కలిపి అమ్మే కిట్‌కి అయ్యే ఖర్చులో ఇది చాలా చిన్న వంతు.

ఇంకో మాట. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. గట్టిగా నొక్కినప్పుడు పొడి రోడ్డు మీద కూడా ఏబీఎస్ కాలి కింద టకటకమంటోందంటే, మీ బ్రేకులకు బలం సరిపోయినట్టే, చాలనిది టైరు పట్టు. అరిగిన టైర్లు అలాగే ఉంచి పెద్ద డిస్కులు బిగిస్తే ఒక్క అడుగు కూడా ముందు ఆగరు. వెనక చక్రాల డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్కులు పెట్టించేవాళ్లు కూడా జాగ్రత్త, ముందూ వెనకా పట్టు ఎంతెంత పడాలో కంపెనీ లెక్క కట్టి పెట్టింది, అది చెడితే వాన రోడ్డు మీద వెనక చక్రాలు జారతాయి.

కొత్త ప్యాడ్లు వేశాక ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10కి తగ్గేలా కొన్నిసార్లు బ్రేకు వేస్తూ, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ నడిపితేనే ప్యాడ్ డిస్కు మీద సరిగ్గా కూర్చుంటుంది. ఈ పని షెడ్డుల్లో చేయరు, చేయమని చెప్పరు కూడా. ఆటోనగర్‌లో చవకగా దొరికాయని బిల్లు లేకుండా కొనే ప్యాడ్లలో నకిలీలు ఉంటాయి, బ్రేకు దగ్గర ఆ బేరం వద్దు.

మీ ఆటోమొబైల్ పేజీలో కొత్త మోడళ్ల ఫొటోలతో పాటు, శబరిమల, సంక్రాంతి ప్రయాణాల సీజన్‌కి ముందు బ్రేక్ ఆయిల్, డిస్కు మందం, టైర్లు ఎలా చూపించుకోవాలో బొమ్మలతో అర పేజీ వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుపతి