ఉమ్మి పరీక్షకు ముందు అంగిలి చూడండి

సంపాదకులకు,

ఉమ్మి పరీక్షతో నోటి క్యాన్సర్ ఇట్టే తేలిపోతుందన్న మాట ఈమధ్య బాగా వినబడుతోంది. అడ్డపొగ (చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లు ఇంకా ఉన్న మన శ్రీకాకుళం తీరంలో ఈ మాటను యథాతథంగా నమ్మితే ప్రమాదం.

ఉమ్మిలో వెతికేవాటిలో ముఖ్యమైనది ఐఎల్-8 (ఇంటర్‌ల్యూకిన్-8) అనే కీమోకైన్, అంటే తెల్లకణాలను పిలిచే సంకేత ప్రొటీన్. 1987లో గుర్తించారు. దెబ్బ తగిలినచోటికి, సూక్ష్మజీవి చేరినచోటికి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలను రప్పించడం దాని పని. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుంటే వేడి, పొగ నేరుగా అంగిలికే తగులుతాయి. ఒక్కసారి కాలితే వాపు వచ్చి తగ్గిపోతుంది. రోజూ కాలుతుంటే తగ్గే సందే ఉండదు. కణం క్యాన్సర్‌గా మారాక ఇదే ఐఎల్-8ను తన అవసరానికి వాడుకుంటుంది. కణితికి కొత్త రక్తనాళాలు పుట్టిస్తుంది, క్యాన్సర్‌తో పోరాడే టి-కణాలను అణచే మరోరకం తెల్లకణాలను చుట్టూ పోగేస్తుంది. చికిత్సకు ముందే రక్తంలో ఇది ఎక్కువున్న రోగులకు ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్‌పైకి ఉసిగొల్పే చికిత్స) వల్ల అంతగా మేలు జరగలేదని 2020లో వెలువడిన అధ్యయనాలు చూపాయి.

మరి పరీక్ష ఎందుకు వద్దంటున్నాం? నోటి క్యాన్సర్ ఉన్నవారి ఉమ్మిలో ఐఎల్-8 సగటున ఎక్కువే. చిగుళ్లు వాచి చీము పట్టినా ఎక్కువే! కొలిచేది పికోగ్రాముల్లో, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. అన్నం తిన్న, చుట్ట తాగిన గంటలోపు ఉమ్మి తీసినా, తీసింది ఐసు లేకుండా బస్సులో పంపినా ఆ అంకెను నమ్మలేం. రక్తంతో ఇంకో తంటా. సీరం (రక్తం గడ్డకట్టాక పైకి తేలే ద్రవం) వేరుచేయడం ఆలస్యమైతే ట్యూబులోనే తెల్లకణాలు ఐఎల్-8 వదులుతాయి, ఎర్రకణాలు చిట్లితే వాటికి అంటుకున్నదీ బయటికొస్తుంది.

కావలసింది టార్చిలైటు. కట్టుడు పళ్లు తీయించి, తల వెనక్కి వాల్పించి అంగిలంతా చూడాలి. నడుమ ఎర్రచుక్క ఉన్న తెల్లని బొడిపెలు అడ్డపొగవారిలో తరచూ కనిపిస్తాయి, వాటిపై కన్నేసి ఉంచాలి. తుడిచినా పోని ఎర్రమచ్చ, రెండు వారాలకీ మానని పుండు, గట్టిపడిన అంచు ఉంటే మాత్రం బయాప్సీకి (ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూసే పరీక్షకు) ఆలస్యం చేయకూడదు. మత్తు సూది ఇచ్చి పుండు అంచు నుంచే ముక్క తీయాలి. నడిమధ్య తీస్తే చచ్చిన కణజాలం వస్తుంది, రిపోర్టు ఏమీ తేల్చదు. ముక్కకు పది రెట్లయినా ముక్క కుళ్లకుండా కాపాడే 10 శాతం ఫార్మలిన్ పోయాలి. సెలైన్‌లో వేసి మర్నాడు పంపితే స్లైడు మీద చూడ్డానికి ఏమీ మిగలదు.

క్యాంపులు పెట్టే సంస్థలు ఉమ్మి పరీక్ష కిట్లకయ్యే డబ్బుతో ఫార్మలిన్ సీసాలు కొని, బయాప్సీ చేయగల డెంటల్ డాక్టరును వెంట తీసుకెళ్లాలని కోరుతున్నాం.

— ఇద్దరు ఓరల్ పాథాలజిస్టులు, శ్రీకాకుళం